రోజూ ఎల్లో అలర్ట్, చుక్క వాన లేదు: వడ్లు కప్పాలా వద్దా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సిరిసిల్ల జిల్లాలో మీ ఊరు. నెల రోజులుగా వాన లేదు, మధ్యాహ్నం 42, 43 డిగ్రీల ఎండ. వారం నుంచి ఫోన్‌కి రోజూ "ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులతో వర్షం" అని ఎల్లో అలర్ట్ వస్తోంది. నాలుగు రోజులు వడ్ల మీద టార్పాలిన్లు కప్పి కూర్చుంటే ఏమీ పడలేదు. ఐదో రోజు విసుగొచ్చి వదిలేస్తే ఆ సాయంత్రమే పక్క ఊళ్లో రాళ్ల వాన పడింది. వడ్లు ఇంకా కొనుగోలు కేంద్రం కల్లంలోనే ఉన్నాయి, తూకం కాలేదు. ఇంట్లో అమ్మగారు రోజూ మేకలు తోలుకుని గుట్ట వైపు వెళ్తారు. అలర్ట్‌ను ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు వదిలేయాలి అని అడిగారు.

రైతులకు వాతావరణ సలహాలు రాసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

ఆ నాలుగు రోజుల అలర్ట్ తప్పేమీ కాదు. దాన్ని ఇచ్చింది జిల్లాకు, మీరు చదువుకున్నది మీ కల్లానికి. మీ జిల్లా సుమారు 2,000 చదరపు కిలోమీటర్లు. వేసవిలో ఒక్క ఉరుముల మేఘం గట్టిగా తడిపే నేల చాలాసార్లు వంద చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. బులెటిన్‌లో "ఒకటి రెండు చోట్ల" అని ఉందంటే, నూటికి 25 వానమాపక కేంద్రాలకు మించి పడదని వాతావరణ శాఖ లెక్క. "కొన్ని చోట్ల" అంటే సగం వరకు, "అనేక చోట్ల" అంటే ముప్పావు వంతు వరకు. ఎండాకాలంలో మనకు ఎక్కువగా కనిపించేది మొదటి మాటే. మీ ఊళ్లో పడే అవకాశం రోజుకు ఐదింట ఒక వంతు అనుకున్నా, నాలుగు రోజులూ వరసగా ఏమీ పడకపోవడం పదిసార్లలో నాలుగుసార్లు జరిగేదే. అలాగని ఐదో రోజు అవకాశం తగ్గదు. నాలుగు రోజులు తప్పిందని ఐదో రోజు మేఘానికి తెలియదు కదా.

రంగుల సంగతి కూడా చెప్పాలి. ఎల్లో అంటే కొంచెం వాన, ఆరెంజ్ అంటే ఎక్కువ వాన అని చాలామంది అనుకుంటారు. రంగు వేసేటప్పుడు రెండు విషయాలు కలిపి చూస్తారు: జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే వెంటనే చర్య తీసుకోమని. కాబట్టి ఎల్లో రోజు పొద్దున్నుంచీ కప్పి ఉంచమని ఎవరూ చెప్పడం లేదు. నిజానికి అలా కప్పితే మీకే నష్టం. 42 డిగ్రీల ఎండలో టార్పాలిన్ కింద వడ్లు ఉడుకుతాయి, తేమ బయటకు పోదు. 17 శాతం లోపుకి రాకపోతే తూకం వేయరు. మీ సీరియల్ వెనక్కి పోతుంది, ఇంకో వారం ఆకాశం కిందే ఉంటారు. రోజూ భయపడి కప్పేవాడు చివరికి ఎక్కువ రోజులు ప్రమాదంలో ఉంటాడు. అందుకే అసలు తెలుసుకోవాల్సింది ఏ రోజు కప్పాలి అన్నదానికన్నా ఏ గంటకు కప్పాలి అన్నది.

దానికి ముందు, ఇంత ఎండలో ఇంత గాలివాన ఎందుకు వస్తుందో కొంచెం తెలిస్తే మిగతాదంతా సులువు.

ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ మీద రెండు రకాల గాలులు పోట్లాడుకుంటాయి. విదర్భ, మరాఠ్వాడా వైపు నుంచి వచ్చే పొడి వేడి గాలి ఒకటి, బంగాళాఖాతం మీదుగా ఆగ్నేయం నుంచి వచ్చే తేమ గాలి ఇంకొకటి. ఈ రెండూ కలిసే గీతనే బులెటిన్లలో "ద్రోణి" అనీ, "గాలి విచ్ఛిన్నతి" అనీ రాస్తారు. "విదర్భ నుంచి దక్షిణ తమిళనాడు వరకు ద్రోణి" అన్న వాక్యం కనిపిస్తే ఆ గీత మన దగ్గర్లో ఎక్కడో ఉందన్నమాట. అది మీకు పడమట ఉంటే మీరు తేమ వైపు ఉన్నారు, తూర్పున ఉంటే పొడి వైపు. గీత రోజూ కొంత అటూ ఇటూ జరుగుతుంది. నిన్న మీకు చినుకు లేకుండా పక్క జిల్లాలో దంచడానికి చాలాసార్లు కారణం అదే.

తేమ ఒక్కటే ఉన్నా చాలదు. నేల నుంచి కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్ల ఎత్తులో వేడి పొడి గాలి పొర ఒకటి గిన్నె మీద మూతలా కూర్చుని ఉంటుంది. కింద గాలి ఎంత వేడెక్కినా ఆ పొరను దాటి పైకి పోలేదు. మూత గట్టిగా ఉన్నన్ని రోజులూ మేఘాలు చిన్న దూది ముక్కల్లా పుట్టి సాయంత్రానికి మాయమవుతాయి. ఎల్లో అలర్ట్ ఉండి వాన రాని రోజుల్లో చాలావాటి కథ ఇదే: తేమ ఉంది, వేడి ఉంది, మూత తెరుచుకోలేదు. కానీ కింద అణిగి ఉన్న శక్తి ఎక్కడికీ పోదు. ఏదో ఒక రోజు ద్రోణి దగ్గరికి జరిగినా, పక్క జిల్లాలో కురిసిన వాన నుంచి చల్లగాలి వచ్చి తోసినా, మూత ఒకచోట పగులుతుంది. గంట, గంటన్నరలో మేఘం పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. అందుకే సుదీర్ఘమైన పొడి రోజుల తర్వాత వచ్చే మొదటి మేఘాన్ని తక్కువగా చూడకూడదు.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటి ఉంది. పొడి రోజుల్లో మేఘం అడుగు చాలా ఎత్తులో ఉంటుంది. ఎంత ఎత్తులో ఉంటుందో మీరే లెక్క కట్టొచ్చు. ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) తీసేసి, వచ్చిన అంకెను 125తో గుణించండి. 42 డిగ్రీల ఎండ, 18 డ్యూ పాయింట్ అయితే తేడా 24, అంటే మేఘం అడుగు సుమారు 3,000 మీటర్ల పైన. అంత ఎత్తు నుంచి పడే చినుకులు దారిలోనే సగానికి సగం ఆవిరైపోతాయి. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి జారి, నేలను తాకి నాలుగు వైపులా పరుచుకుంటుంది. మనం గాలిదుమారం అనేది అదే. నాలుగు చినుకులే పడ్డా రేకులు లేచిపోవడం, మామిడికాయలు రాలిపోవడం, స్తంభాలు ఒరగడం అందుకే. ఎండు రోజుల్లో వచ్చే ఉరుముల మేఘానికి ముందు గాలిని, పిడుగును లెక్కలోకి తీసుకోండి. వాన ఆ తర్వాత.

డ్యూ పాయింట్ అన్నాను కదా, అది ఏ వాతావరణ యాప్‌లోనైనా దొరుకుతుంది. తేమ శాతం చూసి మోసపోవద్దు. పొద్దున ఆరింటికి చల్లగా ఉంటుంది కాబట్టి తేమ శాతం ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది, అదే గాలి మధ్యాహ్నానికి 20 శాతం చూపిస్తుంది. డ్యూ పాయింట్ గాలిలో ఉన్న నీటిని నేరుగా చెప్తుంది. మన ప్రాంతంలో నేను చూసుకునే పద్ధతి ఇది: 15, 16 దగ్గర ఉంటే వడదెబ్బ గురించి తప్ప వేరే టెన్షన్ అక్కర్లేదు. 20 దాటితే జాగ్రత్త మొదలవుతుంది. 23, 24 ఉండి, మధ్యాహ్నం రెండు దాటినా తగ్గకుండా నిలబడితే ఆ రోజు నేను ఊరు దాటి పోను. చాలా రోజులు పొద్దున 22 ఉన్నది మధ్యాహ్నానికి 16కి పడిపోతుంది. పైనున్న పొడి గాలి కిందికి కలిసిందని అర్థం, ఆ సాయంత్రం మీ ఊళ్లో మేఘం లేవడం కష్టం. యాప్ లేకపోయినా ఒళ్లే చెప్తుంది. పొడి ఎండలో చెమట పట్టినట్టే తెలియదు, మూతి పగులుతుంది. చొక్కా వీపుకి అంటుకుపోయి, నీడలో కూర్చున్నా చెమట ఆరకపోతే గాలి మారింది. వారం రోజుల పొడి ఎండ తర్వాత ఒక పొద్దున ఉన్నట్టుండి ఉక్కపోత మొదలైతే ఆ రోజు అలర్ట్‌ను మిగతా రోజులకన్నా రెట్టింపు పట్టించుకోండి.

పొద్దున్నే ఆకాశం కూడా ఒకసారి చూడండి. ఏడు, ఎనిమిది గంటలప్పుడు మధ్య ఎత్తులో చిన్న చిన్న బురుజుల్లా పైకి లేచిన మేఘాల వరస కనిపిస్తే, పై గాలి అప్పటికే అస్థిరంగా ఉందని లెక్క. పదకొండు నుంచి ఒంటి గంట మధ్య పుట్టే తెల్ల మేఘాల ఆకారం చూడండి. వెడల్పుగా, అప్పడంలా ఉండి కరిగిపోతుంటే మూత గట్టిగా ఉంది. వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువై, అంచులు గోబిపువ్వులా గట్టిగా కనిపిస్తే అది పగిలే దారిలో ఉంది. ఆ తర్వాత పైభాగం కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకుందంటే మేఘం పూర్తిగా పెరిగిపోయింది, అందులో పిడుగులు మొదలయ్యాయి. రాత్రి పడమట నిశ్శబ్దంగా మెరుపులు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. మెరుపు వంద కిలోమీటర్లు దాటి కూడా కనిపిస్తుంది, ఉరుము పదిహేను, ఇరవై కిలోమీటర్లకు మించి వినిపించదు. కానీ మరాఠ్వాడాలో, బీదర్ వైపు సాయంత్రం పుట్టిన మేఘాల వరస అర్ధరాత్రి మన దాకా రావడం కొత్తేమీ కాదు, కాబట్టి పడుకునే ముందు రాడార్ ఒకసారి చూసుకోవడం మంచిది.

రాడార్ అంటే భయపడకండి. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో హైదరాబాద్ రాడార్ చిత్రాలు ఎవరైనా చూడొచ్చు. ఆంధ్ర వైపు వాళ్లకు విశాఖపట్నం, మచిలీపట్నం, శ్రీహరికోట రాడార్లు ఉన్నాయి. ఒక్క చిత్రం చూస్తే ఏమీ తెలియదు. అరగంటలో వచ్చిన చిత్రాలు వరసగా చూడండి: మేఘం ఎటు కదులుతోంది, పెరుగుతోందా తగ్గుతోందా. మార్చి, ఏప్రిల్‌లో పై గాలులు పడమటివి కాబట్టి మేఘాలు ఎక్కువగా పడమర, వాయవ్యం నుంచి తూర్పు వైపు జరుగుతాయి. మే చివరికి ఆ నియమం సడలుతుంది, అందుకే ప్రతిసారీ చిత్రాల్లో చూసి తేల్చుకోవాలి. రంగుల పక్కన డీబీజెడ్ అని ఒక కొలమానం ఉంటుంది. 40 దాటితే గట్టి వాన, 55 దాటితే వడగళ్లు ఉండొచ్చని అనుమానించాలి. సిరిసిల్ల హైదరాబాద్ రాడార్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది, అక్కడ రాడార్ కిరణం నేల నుంచి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో పోతుంది, మీకు బాగానే పనికొస్తుంది. ఆదిలాబాద్ వాళ్లకు మాత్రం ఆ కిరణం నాలుగు కిలోమీటర్ల పైనే ఉంటుంది, కింద ఏం జరుగుతోందో సరిగా కనపడదు. వాళ్లు ఉపగ్రహ చిత్రాలు కూడా కలిపి చూసుకోవాలి. ఇన్సాట్ చిత్రాలు అదే సైట్‌లో ఉంటాయి. మిలమిల తెల్లగా, గుండ్రంగా, గంటగంటకు పెద్దదవుతున్న మచ్చ కనిపిస్తే అదే మీ మేఘం.

మీరు నిజంగా ఎదురుచూడాల్సిన హెచ్చరిక నౌకాస్ట్. ముందురోజు వచ్చే జిల్లా అలర్ట్ అంచనా మాత్రమే. నౌకాస్ట్ అప్పటికే పుట్టిన మేఘాలను రాడార్‌లో చూసి రాబోయే మూడు గంటలకు ఇచ్చేది. అందులో గాలి వేగం తప్పకుండా చదవండి. గంటకు 40 కిలోమీటర్ల లోపు అంటే మామూలు గాలి. 41 నుంచి 61 కిలోమీటర్లు అంటే టార్పాలిన్ సరిగా కట్టకపోతే పోతుంది. 62 దాటితే రేకుల షెడ్డు కింద, పాత గోడ పక్కన ఎవరూ ఉండకూడదు. 2024 మే 7న హైదరాబాద్ బాచుపల్లిలో కడుతున్న భవనం దగ్గర గోడ కూలి ఏడుగురు చనిపోయింది ఇలాంటి వేసవి గాలివానకే.

ఫోన్‌లో మౌసమ్ యాప్, పిడుగులకు దామిని యాప్, ప్రభుత్వ హెచ్చరికలన్నీ ఒకచోట వచ్చే సచేత్ యాప్ పెట్టుకోండి. దామిని పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం చేసింది, మీరున్న చోటి నుంచి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే చెప్తుంది. లొకేషన్ ఆన్‌లో లేకపోతే అది వట్టి బొమ్మ. యూట్యూబ్‌లో ఎర్ర అక్షరాలతో "రాబోయే 48 గంటలు జర భద్రం" అని తిరిగే వీడియోల జోలికి పోవద్దు, ఏ జిల్లాకో, ఏ తేదీదో కూడా చెప్పరు. ఫోన్‌తో పాటు వచ్చే యాప్‌లో "సాయంత్రం 4 గంటలకు వాన" అని గంటతో సహా చూపిస్తే ఆ గంటను పట్టించుకోకండి. 2025 మేలో మన దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే కంప్యూటర్ మోడల్ కూడా నేలను 6 కిలోమీటర్ల గడులుగా విడగొట్టే చూస్తుంది. ఏ ఊరి మీద ఏ గంటకు మేఘం లేస్తుందో ముందురోజే చెప్పే మోడల్ ఏదీ లేదు.

ఇప్పుడు మీ వడ్ల సంగతి. ఎల్లో ఉన్న రోజు పొద్దున ఎండకు పలచగా పరిచి ఆరబెట్టండి. కానీ టార్పాలిన్లు, తాళ్లు, బరువుకు ఇసుక నింపిన సంచులు కల్లం అంచునే ఉండాలి. ఇంటి అటక మీద ఉంటే లేనట్టే. ఒంటి గంటకు డ్యూ పాయింట్, మేఘాల ఆకారం చూడండి. రెండూ తేలికగా ఉంటే ఆరనివ్వండి. ఏ ఒక్కటి అనుమానంగా ఉన్నా రెండు గంటలకు వడ్లు కుప్పగా పోసుకోండి, కప్పకండి. కుప్పగా పోయడానికే ఎక్కువ సేపు పడుతుంది. కుప్ప అయ్యాక కప్పడం ఇద్దరు మనుషులకు పది నిమిషాల పని. మీ జిల్లాకు నౌకాస్ట్ వచ్చినా, రాడార్‌లో నలభై, యాభై కిలోమీటర్ల దూరంలో మీ వైపు కదిలే మేఘం ఉన్నా అప్పుడు కప్పండి. ఆరెంజ్ రోజు మాత్రం మధ్యాహ్నానికి ముందే కుప్ప అయిపోవాలి. చల్లగాలి తగిలాక, దుమ్ము గోడ కనిపించాక మొదలుపెడితే ఆలస్యమే, అక్కడి నుంచి కొన్ని నిమిషాలే ఉంటుంది, ఆ గాలిలో టార్పాలిన్ పట్టుకున్న మనిషిని కూడా ఈడ్చుకుపోతుంది.

కట్టేటప్పుడు గాలి వచ్చే వైపు అంచు ముందు బిగించండి. మేఘం ఎటుందో మొదటి గాలి అటునుంచే వస్తుంది. పైన నాలుగు రాళ్లు పెట్టి వదిలేస్తే సరిపోదు, తాడు కుప్ప మీదుగా అటూ ఇటూ వేసి కింద సంచులకు కట్టాలి. కుప్ప చుట్టూ జానెడు కాలువ తీయండి. పైనుంచి తడిసిన వడ్లకన్నా కింద నీళ్లు నిలిచి మొలకెత్తిన వడ్లే ఎక్కువ చూశాను. వాన ఆగిన వెంటనే, ఉరుములు పూర్తిగా తగ్గాక, టార్పాలిన్ తీసి గాలి తగలనివ్వండి.

రాళ్ల వాన గురించి కొంచెమే చెప్తాను, ఎందుకంటే మీరున్న ఈ మే నెలలో దాని భయం సగం తగ్గింది. మేఘంలో నీళ్లు గడ్డకట్టే ఎత్తు మార్చిలో కిందికి ఉంటుంది, పైన చల్లటి పడమటి గాలులు ఉంటాయి, అందుకే పెద్ద వడగళ్లు ఎక్కువగా అప్పుడే. 2023 మార్చి మూడో వారంలో వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు నేలంతా తెల్లగా కప్పేసిన వడగళ్లు, ఆ వారంలోనే ఖమ్మం, వరంగల్, కరీంనగర్ వైపు పోయిన పంటలు గుర్తుండే ఉంటాయి. మేలో ఆ ఎత్తు సుమారు అయిదు కిలోమీటర్లకు పోతుంది, చిన్న రాళ్లు కింద పడేలోపు కరిగిపోతాయి. పూర్తిగా పడవని కాదు, మీ పక్క ఊరే సాక్ష్యం.

అమ్మగారి విషయంలో మాత్రం పైన చెప్పిన లెక్కలేవీ వాడకండి. వడ్లకు సగం అవకాశం ఉందా, పావు అవకాశం ఉందా అని ఆలోచించొచ్చు, మనిషికి అలా ఆలోచించకూడదు. మన దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారు, అందులో ఎక్కువమంది పొలంలో పనిచేసేవాళ్లు, పశువులు కాసేవాళ్లే. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి, వానాకాలం ఇంకా నెలకు పైగా ఉండగానే. పిడుగు మేఘం కింద మాత్రమే పడుతుందని కాదు, పది, పదిహేను కిలోమీటర్ల అవతల ఎండ కాస్తున్న చోట కూడా పడొచ్చు. అందుకే అమ్మగారికి ఒకటే చెప్పండి: ఉరుము వినిపించిందంటే వెనక్కి రావాలి. మెరుపు కనిపించాక లెక్కపెడితే మూడు సెకన్లకు కిలోమీటరు చొప్పున దూరం తెలుస్తుంది, 30 లోపు ఉరుము వినిపిస్తే పది కిలోమీటర్లలోపే ఉంది, అప్పటికి లోపల ఉండి తీరాలి. చివరి ఉరుము తర్వాత ఇంకో అరగంట బయటికి రావద్దు.

లోపల అంటే గోడలు, పైకప్పు సరిగా ఉన్న ఇల్లు, లేదా అద్దాలు మూసిన కారు, బస్సు. చింతచెట్టు, తాటిచెట్టు కింద, గొడ్ల కొట్టంలో, ట్రాక్టర్ మీద, కల్లం దగ్గర వేసిన టార్పాలిన్ పందిరి కింద భద్రత లేదు. గుట్ట మీద నుంచి ఇల్లు దూరమైతే ముందు ఎత్తు దిగాలి, ఒంటరి చెట్టుకు, కరెంటు స్తంభానికి, ఇనుప కంచెకు దూరంగా పోవాలి. దారీతెన్నూ లేకపోతే కాళ్లు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోవాలి, నేల మీద పడుకోవద్దు. మేకలన్నీ ఒక్క చెట్టు కింద చేరకుండా విడిచిపెట్టేయాలి, వాటిని ఈడ్చుకొస్తూ ఆలస్యం చేయొద్దు. అలర్ట్ ఉన్న రోజుల్లో మేకలను పొద్దున్నే తోలి ఒంటి గంటకల్లా తిప్పుకు రమ్మనండి, ఎండకు కూడా అదే మంచిది.

ఒకవేళ ఎవరి మీదైనా పిడుగు పడితే, ఆ మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని చాలా ఊళ్లలో దూరంగా నిలబడతారు. ఒంట్లో కరెంటు ఏమీ మిగిలి ఉండదు. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కుతూ, పక్కనున్నవాళ్లతో 108కి ఫోన్ చేయించండి. అంబులెన్స్ వచ్చేదాకా నొక్కడం ఆపొద్దు.

మీ మండలం పేరు, కల్లం ఎటు వాలుగా ఉందో, కుప్ప సుమారు ఎన్ని క్వింటాళ్లో రాయండి. కాలువ ఎటు తీయాలో, ఎన్ని టార్పాలిన్లు కావాలో చెప్తాను.